నలభై నిమిషాల అచ్చు

డిసెంబరు 2. తొట్టిలో నీళ్ళు: పద్నాలుగు మెట్లు.

ఆరు పదికి ఏడో దడి నుంచి గంట. మూడుసార్లు వాయించి జవాబిచ్చాను.

మంచు పట్టే పన్నెండు దడుల వలల మీద పెరిగే పొర తునకలూ ఎనిమిదింటికి అద్దాల గదికి వచ్చాయి. ఒక్కొక్కటి గోరంత. గాజు పలకల మీద పరిచి, మైక్రోస్కోపు నలభై రెట్లకు పెట్టి చూశాను. పదకొండు బాగున్నాయి. కొండచీపురు ఆకు మీద ఎలా ఉంటుందో అలాగే, నిలువునా చాళ్ళు, చాళ్ళ గట్ల మీద సన్నటి నూగు, నూగు మొనలన్నీ కిందికే వంగి. మంచు నూగుకు తగిలి చుక్కవుతుంది. చుక్క బరువెక్కి చాల్లోకి జారుతుంది. చాలు వెంట దడి కింది దోనెలోకి, దోనె నుంచి తొట్టిలోకి. వానలు కురవడం మానేసి, కింద బావుల్లోకి సముద్రం వచ్చాక, తెల్లకోనలో నాలుగు వందల మందిమి తాగుతున్నది ఈ నీళ్ళే.

ఏడో దడి తునకలో కుడి మూల చాళ్ళు వంకర తిరిగాయి. అక్కడ చుక్కలు ఎటూ జారకుండా నిలిచిపోయాయి. పలక మీద గుర్తు పెట్టాను.

మధ్యాహ్నం తల్లి పళ్ళెంలో కొత్త అచ్చు వేశాను. దడులకు ఎప్పుడైనా ఏమైనా అయితే మళ్ళీ పెంచుకోవడానికి ప్రతి నెలా మొదటి వారం ఈ పని చేస్తాం. కాన్వెంటు వరండా కుండీల్లో కొండచీపురు ఇంకా బతికే ఉంది. ఒక ఆకు కోసి, పచ్చి పొర మీద బోర్లించి, పైన ఇత్తడి తూకంరాయి పెట్టి, ఇసుక గడియారం తిప్పాలి. ఇసుక పూర్తిగా జారడానికి నలభై నిమిషాలు. ఇరవైకి తీస్తే గట్లు దిగుతాయి గాని నూగు దిగదు. పొరపాటున చెయ్యి తగిలినంత మాత్రాన ఏ గుర్తూ పడదు. అచ్చు దిగాలంటే బరువు ఉండాలి, కదలకుండా ఉండాలి, నలభై నిమిషాలు ఉండాలి.

దిగాక మాత్రం పోదు. పొరకు ప్రాణం ఉంది. పెరిగేటప్పుడూ, చిరిగి అతుక్కునేటప్పుడూ, పక్కన ఏ రూపం ఉంటే ఆ రూపమే పోసుకుంటుంది.

డిసెంబరు 4. పదమూడున్నర మెట్లు.

ఆరు పది గంటకు జవాబిచ్చాను.

గౌరినాయుడు మావ వచ్చాడు. దడుల మేస్త్రీ. వస్తూనే తడి తలపాగా విప్పి గాజు పలకల మీద పెట్టాడు. తీయమని చెప్పడానికి నాకు కొంచెంసేపు పట్టింది.

“ఏటమ్మా అగతా, ఆ గొట్టంలో కన్నెట్టి కూకుంటే మా ఇంటిదాని మనసులో ఏటుందో కూడా అవుపడుద్దేటి?”

“అంత పెద్దవి కనపడవు మావా. చిన్నవే.”

అతను నవ్వి, తలపాగా తీసి భుజాన వేసుకున్నాడు. తర్వాత నవ్వలేదు. ఏడు, ఎనిమిది, పదకొండు దడుల దోనెలు సగమే పారుతున్నాయట.

“ఉప్పు పట్టేసింది. కిందనుంచి ఉప్పుగాలి కొడతంది గదా. కడిగీవాల.”

“దేనితో కడుగుతారు?”

“నీలతోటే.”

“ఎన్ని నీళ్ళు పడతాయి?”

“రొండు మెట్లు పడతాయేటో.” తన మాట తనకే నచ్చనట్టు కిటికీలోంచి బయటికి చూశాడు. బయట మంచు తప్ప ఏమీ లేదు.

తునకలు ఎప్పుడూ మొదటి గుంజ దగ్గర, అడుగు అంచునే కోస్తారు. ఈసారి ప్రతి దడి మధ్యలోంచి అరచేయంత కోసి తెమ్మన్నాను.

డిసెంబరు 5. పదమూడు మెట్లు.

ఉప్పు కాదు. ఉప్పయితే గళ్ళు గళ్ళుగా మెరుస్తుంది. అద్దం కింద ఉప్పుకు మూలలుంటాయి. దీనికి మూలలు లేవు.

గట్లు వంపు తిరిగి, ఒకదాని లోపల ఒకటి చేరి, నడుమ సుడిగా ముడుచుకున్నాయి. నూగు ఒక్కటీ లేదు. గట్ల నెత్తి మీద వరసగా చిన్న గుంటలు, సూదితో పొడిచినట్టు. మంచు చుక్క సుడిలో పడుతుంది, చుట్టూ తిరుగుతుంది, ఎండ వచ్చేదాకా అక్కడే ఉండి ఆరిపోతుంది. ఒక సుడి పక్కన ఇంకో సుడి. అరచేయంత తునకలో ఇరవై ఆరు లెక్కపెట్టాను.

ఆకుల పుస్తకం చూశాను. గవ్వల పుస్తకం, చేప పొలుసుల పుస్తకం, చెట్టు బెరళ్ళ పుస్తకం చూశాను. మధ్యాహ్నం భోజనానికి వెళ్ళలేదు. ఏ పుస్తకంలోనూ గట్టు నెత్తిన గుంటలున్న బొమ్మ లేదు.

నాలుగింటికి పేజీ తిప్పబోతూ ఆగాను. పేజీ వదిలేసి, పలక తీసేసి, నా చూపుడువేలు అద్దం కింద పెట్టాను.

వంపు తిరిగిన గట్లు. గట్ల మీద చెమట రంధ్రాలు.

డిసెంబరు 6. పన్నెండున్నర.

తొమ్మిది దడుల్లో ఉంది. అన్నిటిలోనూ ఒకే సుడి. ఒకే వేలు.

నాది కాదు. నా వేలి మీద గట్లు విల్లులా వంగుతాయి, సుడి లేదు. ఈ వేలికి ఇంకో గుర్తు కూడా ఉంది. సుడికి కొంచెం పైన గట్లన్నిటినీ అడ్డంగా తెంచుతూ ఒక ఏటవాలు గీత. కోసుకుపోయి మానిన మచ్చ. ప్రతి సుడిలోనూ, అదే చోట, అదే వాలు.

ఆ మచ్చకు టించరు పూసింది నేనే.

దాలమ్మ పేరు ఇక్కడ రాయాలి. ఏడో దడి కాపలా మనిషి. రోజూ తెల్లవారుజామున మంచులో దడి వెంట నడిచి, చిరుగులు చూసి, ఎడమ చేతికి కట్టుకున్న గంట వాయించేది. ఏడో దడి కొండ అంచున ఉంటుంది. మంచులో దారి తెలియదు. అందుకని కాపలా వాళ్ళు గంట కొట్టగానే ఈ గది గుమ్మంలోంచి మూడుసార్లు జవాబివ్వాలి. గంట తేడాగా మోగితే పెద్దగంట తాడు లాగాలి. ఏడో దడి గంట ఈ గదికి తప్ప ఇంకెవరికీ వినపడదు.

దాలి నడక అయ్యాక తిన్నగా ఇంటికి వెళ్ళేది కాదు. కొంగులో ఏదో ఒకటి కట్టుకుని ఇక్కడికి వచ్చేది. పాము కుబుసం, తూనీగ కన్ను, పిట్ట ఈక. “ఇదేటో సూసి సెప్పవే కళ్ళజోడూ,” అనేది. నేను అద్దం సరిచేసి, పక్కకు జరిగి, తనకు చూపించేదాన్ని. అద్దం మీద కన్ను పెట్టి చాలాసేపు ఊపిరి బిగబట్టేది. బళ్ళో నాతో ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు. తను మాట్లాడేది. ఒకరోజు గాజు పలక జారబోతుంటే పట్టుకుంది, వేలు తెగింది.

ఆ మరుసటి నెల, రెండేళ్ళ కిందట నవంబరు 19న, దాలి ఏడో దడి దగ్గర లోయలో పడిపోయింది. మనిషి దొరకలేదు. ముప్పై ఒకటో గుంజ దగ్గర దారి మీద చేతి తొడుగు ఒకటి దొరికింది.

డిసెంబరు 8. పన్నెండు.

నిన్న ఏమీ రాయలేదు. ఆరు పది గంటకు జవాబిచ్చాను. అది రాస్తున్నాను.

ఉదయం గౌరినాయుడు మావతో ఏడో దడికి వెళ్ళాను. నడుముకు తాడు కట్టాడు. “నువ్వు మోసే పుస్తకమంత బరువైనా నేవు, గాలికెగిరిపోతావు,” అన్నాడు. దడి వెంట గుంజలు లెక్కపెట్టుకుంటూ నడిచాను. ఇరవై ఎనిమిది. ఇరవై తొమ్మిది. మంచులో ముందు గుంజ కనపడేసరికి వెనక గుంజ కనపడకుండా పోతుంది.

ముప్పై ఒకటో గుంజ దగ్గర పొర మందంగా ఉంది. తెల్లగా, కొంచెం మెరుపుగా.

“ఇక్కడ మా సెడ్డ బలంగుంటాది,” అన్నాడు మావ, తట్టి చూపించి. “ఏ దడి సిరిగినా అతుక్కి ఇక్కడే కోత్తాను. రొండేల్లైంది. ఎంత కోసినా మల్లీ వొచ్చేత్తాది.”

సుడిలో నీళ్ళు నిలుస్తాయి గనక అక్కడ పొర బలంగా పెరిగింది. బలంగా ఉందని అక్కడే కోశాడు. ప్రతి దడికీ తన చేత్తో తనే పట్టుకెళ్ళి అతికించాడు. ఎవరైనా అలాగే చేస్తారు. అతనికి చెప్పలేదు.

మోకాళ్ళ మీద కూచుని దడి అడుగు అంచు చేతి అద్దంతో చూశాను. అంచుకు ఇటువైపు నాలుగు వేళ్ళు. అటువైపు, లోయ వైపు, బొటనవేలు.

“ఏటమ్మా, ఏటైనా అవుపడిందా?”

“చూడాలి మావా. కోసి ఇవ్వండి.”

డిసెంబరు 9. పదకొండున్నర.

నాలుగు వందల రెట్లలో చూశాను.

చూపుడువేలు: గట్లు, మచ్చ, రంధ్రాలు. మధ్యవేలు: రంధ్రాలు. ఉంగరపు వేలు: రంధ్రాలు. చిటికెన వేలు సగం దిగింది. బొటనవేలి గోరు కింద చర్మం ముడత కూడా దిగింది. ఎక్కడా చెదరలేదు. జారుడు గీత ఒక్కటే ఉంది, అన్నిటికంటే పైన, చివర.

రంధ్రాలు నూగు కంటే చిన్నవి. నూగు దిగడానికే నలభై నిమిషాలు.

ఇసుక గడియారం తిప్పి, ఊరికే, పూర్తిగా జారేదాకా చూశాను. చాలాసేపు.

డిసెంబరు 10. పదకొండున్నర.

ఆరు పది గంటకు జవాబిచ్చాను.

బడి హాల్లో ఊరి సభ. సిస్టర్ రెజీనా మధ్యలో కూచున్నారు. ఈ గదికి ఆమే పెద్ద. బళ్ళో నాకు చేతిరాత దిద్దించింది కూడా ఆమే. గౌరినాయుడు మావ ఉప్పు సంగతి చెప్పాడు. కడగడానికి రెండు మెట్ల నీళ్ళు అడిగాడు. ఎవరో పదో మెట్టు మాట ఎత్తారు. దడులన్నీ తీసేసి తల్లి పళ్ళెం నుంచి మళ్ళీ పెంచాలంటే ఇరవై రోజులు పడుతుంది. సగం కొలతే పోసినా రోజుకు అర మెట్టు చొప్పున పది మెట్లు కావాలి. పదో మెట్టు దాటాక ఇక ఆ దారి లేదు. అప్పుడు కొండ దిగి వెళ్ళిపోవడమే. కింద ఎక్కడికి వెళ్ళాలో ఎవరూ చెప్పలేదు.

“అద్దాల గది ఏమంటుంది?” అన్నారు సిస్టర్.

అందరూ నా వైపు తిరిగారు. లేచి నిలబడ్డాను.

“ఉప్పు కాదు సిస్టర్.”

“మరి?”

“ఇంకా చూడాలి.”

కూచున్నాను. ముందు ఒక దడి మాత్రం కడిగి చూడాలని తీర్మానించారు.

డిసెంబరు 11. పదకొండు.

కడిగిన దడిలో చుక్క పెరగలేదు.

నీళ్ళ కోసం తొట్టి దగ్గర వరసలో నిలబడ్డాను. గరిటెతో కొలిచి పోసేది పైడమ్మ. దాలి వాళ్ళమ్మ. ఎవరి కుండకు ఎన్ని గరిటెలో ఆమెకు కంఠతా వచ్చు.

“ఓలమ్మో, ఇదేటి ఇలా సిక్కిపోనావు? కాన్వెంట్లో కూడెట్టడం మానేసినారేటి?” నా కుండలో మూడు గరిటెలు పోసి, నాలుగోది తన సొంత చెంబులోంచి పోసింది. “కళ్ళు కడుక్కో. అద్దాలోలి కళ్ళు బాగుండాల. మా దాలి అనీది, అగత కళ్ళు పోతే మన ఊరికే కళ్ళు నేవని.”

వద్దన్నాను. ఆమె వినలేదు. వెనక ఉన్నామె, “మాకూ పొయ్యి పైడక్కా, మావీ కళ్ళే,” అంటే, “నీ కళ్ళు పక్కింటోలి పెరట్లోకి తప్ప ఎటు సూత్తాయే,” అని అందరినీ నవ్వించింది.

తర్వాత నాకొక్కదానికే వినపడేట్టు అంది. “రొండేల్లు నిండిపోనాయి. నువ్వు ఆ దినం పుస్తకంలో రాసినావు గందా. గంట ఇనపడింది, జవాబిచ్చీసినాను, ఆ తరవాత గంట నేదని. సిస్టరమ్మ సదివి ఇనిపించింది. ఒక్క సనంలో పోనాది నా పిల్ల, దానికేటీ తెలీలేదు అనుకున్నాను. అది ఇన్నాకే నాకు కన్నంటుకుంది.”

కుండ నిండుగా ఉంది. ఒలకకుండా ఇంటికి తెచ్చాను.

డిసెంబరు 12. పదిన్నర.

సిస్టర్ రెజీనా గదికి ఉదయమే వెళ్ళాను. తలుపు కొట్టి, రమ్మనేదాకా నిలబడ్డాను. దడులన్నీ ఇవాళే తీసేయాలని, తల్లి పళ్ళెం శుభ్రంగా ఉందని, ఇది వేలి అచ్చు అని, ఎవరిదో కూడా చెప్పాను.

“ఒక్క వేలి అచ్చు తొమ్మిది దడులకు ఎలా పాకింది?”

అది కూడా చెప్పాను.

ఆమెకూ నలభై నిమిషాలు తెలుసు. ఆ గడియారం నా చేతికిచ్చింది ఆమే.

“అంతసేపు ఆ పిల్ల గంట కొట్టలేదా అగతా?”

“కొట్టింది సిస్టర్.”

ఆ ఉదయం జరిగింది ఇది. అంతకు ముందు రోజు దాలి ఒక దీపప్పురుగు రెక్క తెచ్చి ఇచ్చింది. రాత్రంతా ఎప్పుడు తెల్లవారుతుందా అని చూశాను. ఆరింటికి రెక్కను అద్దం కింద పెట్టాను. కంటికి బూడిదగా కనిపించే రెక్క, అద్దం కింద పెంకుటిల్లు. వరస మీద వరస పెంకులు, ఒక్కో పెంకు మీద సన్నటి గీతలు, గీతల మధ్య నీలం. ఆరు పదికి గంట మోగింది. ఒక్క నిమిషం ఆగి ఇద్దామనుకున్నాను. మళ్ళీ మోగింది. దాలి అప్పుడప్పుడు ఊరికే వాయించేది, నా చేత అద్దంలోంచి తల ఎత్తించడానికి. మళ్ళీ మోగింది, ఆగి ఆగి. ఆడుకుంటోందనుకున్నాను. నీలం ఎక్కడి నుంచి వస్తోందో వెతుకుతున్నాను. రంగు పూత లేదు, గీతల ఎడం వల్లే నీలం. అది కనిపెట్టి తల ఎత్తేసరికి గంట ఆగిపోయి ఉంది. ఎంతసేపటి కిందట ఆగిందో తెలియలేదు. గుమ్మంలోకి వెళ్ళి మూడుసార్లు వాయించాను. తిరిగి వచ్చి పుస్తకంలో జవాబిచ్చాను అని రాశాను. ఆ గడి ఖాళీగా వదలకూడదు.

సిస్టర్ నన్ను తిట్టలేదు. లేచి, అలమారలోంచి రెండేళ్ళ కిందటి పుస్తకం తీసి, నవంబరు 19 పేజీ తెరిచి నా ముందు పెట్టారు.

“చెరపకు. ఒక్క గీత కొట్టి, పక్కన రాయి.”

చిన్నప్పుడు చేతిరాత పుస్తకంలో తప్పు పోతే ఇలాగే చెప్పేవారు. గీత కొట్టాను. పక్కన రాశాను.

*ఆరు పది, ఏడో దడి గంట. జవాబు ఇవ్వలేదు. గంట ఆరు యాభై దాకా మోగి ఉంటుంది.*

“పైడమ్మకు నువ్వే చెప్పాలి,” అన్నారు సిస్టర్. “నేను చదివి వినిపించను. ఒకసారి వినిపించాను.”

డిసెంబరు 13. పదిన్నర. ఊరంతటికీ సగం కొలత.

పైడమ్మ సాయంత్రం నాలుగింటికి వచ్చింది. చెప్పులు గుమ్మం బయట విడిచింది. ఈ గదికి రావడం ఆమెకిదే మొదటిసారి.

అద్దం సరిచేసి పక్కకు జరిగాను. కూతురిలాగే కన్ను పెట్టి ఊపిరి బిగబట్టింది.

“ఏటే ఇది? దున్నిన సేనులాగుంది.”

“వేలు. ఆ అడ్డగీత గాజు కోసిన మచ్చ.”

ఆమె కదలలేదు. చెప్పవలసింది ఆమె నా ముఖం చూడకుండా ఉన్నప్పుడే చెప్పేశాను. గంట, రెక్క, నేను రాసిన అబద్ధం. చెబుతున్నంతసేపూ కన్ను అద్దం మీదే ఉంచింది.

“ఎంతసేపు?”

ఇసుక గడియారం తిప్పి బల్ల మీద పెట్టాను. ఆమె అద్దం దగ్గర నుంచి లేచి, దాని ఎదుట నేల మీద కూచుంది. నేనూ కూచున్నాను. సగం జారాక ఒకసారి, “ఇంకా ఉందా?” అంది. ఉందన్నాను.

అయిపోయాక రొంటి నుంచి ఒక మూట తీసింది. చేతి తొడుగు. రెండేళ్ళు నడుముకే ఉండి ముడతలు పడి, నల్లబడింది. మధ్యవేలి కొన చూపించింది. అక్కడ రబ్బరు రెండు వైపులా నొక్కుకుపోయి ఉంది. అద్దం అక్కర్లేదు. పళ్ళ గుర్తులు.

“ఇదేటో నాకు ఇన్నాల్లూ తెలీలేదు. ఎలకేటో కొరికిందనుకున్నాను.” తొడుగు మీద బొటనవేలితో రాసింది. “తొడుగుంటే జారిపోద్దని పళ్ళతో పీకీసింది. సూసినావా. ఎంత తెలివిగల గుంటో.”

తొడుగును మళ్ళీ మూట కట్టుకుంది.

“దాన్నేం సేత్తారు?” అద్దం వైపు చూపించింది.

“వేడినీళ్ళలో వేస్తాం. ఉడికితే పొర చచ్చిపోతుంది. అచ్చు ఉండదు. ఉంచితే మళ్ళీ పాకుతుంది.”

“ఒక్క ముక్కైనా?”

“ఒక్క ముక్కైనా.”

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ఆగింది. “నీకు నాలుగో గరిటె పోసినాను,” అంది. అంతే అంది.

డిసెంబరు 14. పది మెట్లు.

పన్నెండు దడుల పొరలూ విప్పి బడి ఆవరణలో కాగుల్లో వేశాం. గౌరినాయుడు మావకు సంగతంతా తెలిసింది. పొయ్యి దగ్గర కూచుని తన చేతుల్ని చూసుకుంటూ ఉండిపోయాడు. “నానే కోసి అతికినాను. ఊరంతటికీ నానే పంచినాను,” అన్నాడు. నాతో కాదు.

ఏడో దడి పొరను పైడమ్మ ఇంకెవర్నీ ముట్టుకోనివ్వలేదు. తనే తెచ్చి వేసింది. తనే కర్రతో తిప్పింది. గంజిలా చిక్కబడి, విడిపోయి, నీళ్ళయింది.

దానికి ముందు ఉదయమంతా కూచుని చూపుడువేలి అచ్చును నాలుగు వందల రెట్లలో చూస్తూ బొమ్మ గీశాను. పెన్సిలుతో, ఒక్కో గట్టు, ఒక్కో రంధ్రం. పూర్తి కాలేదు. మచ్చ దాకా వచ్చాను.

తల్లి పళ్ళెం నుంచి కొత్త పొర వలల మీద పరిచాం.

జనవరి 3. ఒక మెట్టు.

సగం కొలత మీద బతికాం. పసిపిల్లలున్న ఇళ్ళకు కాన్వెంటు వాటా ఇచ్చాం. కుండీల్లో కొండచీపురుకు మాత్రం తగ్గించలేదు.

ఇవాళ తెల్లవారి దోనెలన్నీ పారాయి. పన్నెండు తునకలు చూశాను. చాళ్ళు, గట్లు, నూగు, మొనలన్నీ కిందికి. ఎక్కడా సుడి లేదు. ఎంత వెతికినా లేదు.

మొదటి నీళ్ళు పైడమ్మ పోసింది. నా కుండలో మూడు గరిటెలు.

సాయంత్రం సిస్టర్ దగ్గరికి వెళ్ళి, నాకు వేసే శిక్ష ఏమిటో చెప్పమన్నాను. అది పైడమ్మను అడిగానన్నారు. పైడమ్మ నా గురించి ఏమీ అడగలేదట. ఏడో దడి కాపలా తనకిమ్మందట. మోకాళ్ళ నొప్పులతో అంచు మీద ఎలా నడుస్తావని గౌరినాయుడు మావ వాదించాడట. “నా గంట ఇనీవోలు ఇప్పుడున్నారు గదా,” అందట.

జనవరి 5. ఒకటిన్నర.

ఆరు పదికి ఏడో దడి నుంచి గంట. మూడుసార్లు జవాబిచ్చాను. మళ్ళీ గంట. మళ్ళీ ఇచ్చాను. మళ్ళీ గంట. పెద్దగంట తాడు లాగాను. ఊరు ఊరంతా తాళ్ళతో పరిగెత్తింది. పైడమ్మ ముప్పై ఒకటో గుంజ పక్కన క్షేమంగా నిలబడి ఉంది. వచ్చినవాళ్ళను వెళ్ళిపొమ్మంది. గంట మాత్రం ఆపలేదు.

నేను గుమ్మంలోకి తిరిగి వచ్చి జవాబిచ్చాను.

జనవరి 6. రెండు.

ఆరు పదికి గంట. ఇవాళ కూడా ఆగలేదు. ప్రతిసారీ జవాబిచ్చాను. ఆరు యాభైకి ఆగింది.

జనవరి 9. మూడున్నర.

ఇవాళ మొదటి గంటకే ఇసుక గడియారం తిప్పి గుమ్మంలో పెట్టుకున్నాను. ఆమె వాయిస్తుంది, ఆగుతుంది, నా మూడు వినేదాకా ఆగి, మళ్ళీ వాయిస్తుంది. చివరి ఇసుక జారిన తర్వాత గంట లేదు.

మధ్యాహ్నం గౌరినాయుడు మావ తునకలు తెచ్చినప్పుడు అడిగాను, పైడమ్మ అక్కడికి గడియారం ఏదైనా తీసుకెళుతోందా అని.

“నేదమ్మా,” అన్నాడు. “ఊరికే కూకుంటాది. ఎడం సేత్తో గంట వాయిత్తాది. కుడిసెయ్యి దడి అడుగంచు పట్టుకునుంటాది. తొడుగేసుకునే.”

బల్ల మీద దీపప్పురుగు రెక్క ఇంకా ఉంది. దాని మీద గుడ్డ కప్పాను.

జనవరి 10. నాలుగు.

ఆరు పదికి ఏడో దడి నుంచి గంట. జవాబిచ్చాను.

ఆరు యాభైకి ఆగింది. అప్పటిదాకా జవాబిచ్చాను.